పళ్ల ఓపీజీలో మెడ రక్తనాళం చూపించి పక్షవాతం రిస్క్ అంటున్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి_సుబ్బు
అందరికీ నమస్కారం. మా నాన్నకి 64 ఏళ్లు. షుగర్ ఉంది, బీపీ మాత్ర వేసుకుంటారు (గుర్తున్న రోజున). కింది దవడలో పళ్లు ఊడిపోతే ఇంప్లాంట్లు పెట్టిద్దామని గుంటూరులో ఒక డెంటల్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఓపీజీ (పళ్లూ దవడలూ మొత్తం ఒకే ఫిల్మ్‌లో వచ్చే ఎక్స్‌రే) తీయించుకు రమ్మన్నారు, తీయించాం. ఆ డాక్టరమ్మ పళ్ల సంగతి రెండు మాటల్లో తేల్చేసి, ఫిల్మ్‌ని లైట్ బాక్స్‌కి తగిలించి, ఎడమవైపు దవడ మూలకి కొంచెం కిందగా, మెడ ఎముకల ముందు పెన్ను మొన పెట్టి చూపించారు. అక్కడ నిలువుగా, ఎగుడుదిగుడుగా, తెల్లగా రెండు సన్న గీతలు. "ఇవి పంటికి సంబంధించినవి కావండీ, మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళంలో కాల్షియం పేరుకుని ఉండొచ్చు. ఇంప్లాంట్ తర్వాత చూద్దాం, ముందు మెడకి డాప్లర్ తీయించి ఫిజీషియన్‌కి చూపించండి" అన్నారు. డాప్లర్ అంటే నాళంలో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్ స్కానింగట. ఇక ఇంట్లో అమ్మకి ఒకటే టెన్షన్. నాన్నేమో "పంటి డాక్టరుకి నా మెడతో పనేంటి" అని కూర్చున్నారు. అసలు పళ్ల ఎక్స్‌రేలో స్ట్రోక్ సంగతి తెలుస్తుందా?

మెహిదీపట్నం_మస్తాన్
బ్రదర్, కొత్త దందా ఇది. పన్ను నొప్పికి పోతే మెడ స్కానింగ్, మెడ స్కానింగ్‌కి పోతే గుండె యాంజియో. ఆ డాప్లర్ ఎక్కడ తీయించమన్నారు? చీటీ మీద సెంటర్ పేరు ప్రింట్ అయి ఉంటే కథ అర్థమైనట్టే.

తెనాలి_సుబ్బు
లేదు బ్రదర్, ఎక్కడైనా సరే అన్నారు. ఫలానా చోటికే వెళ్లమని చెప్పలేదు. చీటీ కూడా తెల్ల కాగితమే.

పంటిడాక్టర్_కాకినాడ
సుబ్బు గారూ, నేను ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీలో ఎండీఎస్ చేశాను, రోజూ నా పని ఈ ఓపీజీలు చదవడమే. ఆవిడ చేసింది సరైన పనే, నిజానికి చాలామంది చేయని పని.

మస్తాన్ గారూ, ఇది కొత్తదేం కాదండి. 1981లోనే అమెరికాలో ఫ్రీడ్‌లాండర్, లాండే అనే ఇద్దరు దీని గురించి పేపర్ రాశారు. ఫ్రీడ్‌లాండర్ ఓరల్ సర్జన్. పళ్ల కోసం తీసిన పనోరమిక్ ఎక్స్‌రేలో, అంటే ఓపీజీలో, కెరోటిడ్ ధమనిలోని (మెడలో తలకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) కాల్షియం కనపడుతోందని అప్పుడే చూపించారు. ఆ తర్వాత కూడా ఆయన షుగర్ ఉన్నవాళ్లలో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లలో, గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇదే విషయం మీద పని చేస్తూ వచ్చారు.

ఎందుకు కనపడుతుందంటే, ఓపీజీ మెషిన్ తల చుట్టూ తిరిగేటప్పుడు పళ్లతో పాటు మెడ పై భాగం కూడా ఫిల్మ్ కింది మూలల్లో పడుతుంది. మెడలో పైకి వెళ్లే కెరోటిడ్ ధమని సుమారుగా మూడు, నాలుగు మెడ పూసల ఎత్తులో రెండుగా చీలుతుంది, ఒకటి మెదడుకి, ఇంకోటి ముఖానికి. కాలవ రెండుగా చీలే చోట మట్టి మేట వేసినట్టు, సరిగ్గా ఆ చీలిక దగ్గరే కొవ్వు పేరుకోవడం ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ అందులో కాల్షియం చేరుతుంది. కాల్షియం చేరింది కాబట్టే ఎక్స్‌రేకి దొరుకుతుంది. మెత్తటి కొవ్వు అయితే అసలు కనపడదు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డెంటల్ క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్లలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురికి ఇలా కనపడుతుందని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. వయసు, షుగర్, పొగతాగడం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ.

కానీ అక్కడ తెల్లగా కనపడిన ప్రతిదీ రక్తనాళం కాదు. నాలుక కింద, గొంతు ముందు ఉండే హయాయిడ్ ఎముక అక్కడే ఉంటుంది. స్వరపేటిక దగ్గర ట్రిటిషియస్ కార్టిలేజ్ అని చిన్న మృదులాస్థి ఉంటుంది, అది గట్టిపడితే నున్నగా అండాకారంలో కనపడి బాగా మోసం చేస్తుంది. థైరాయిడ్ కార్టిలేజ్ పై కొమ్ము, టాన్సిల్స్‌లో రాళ్లు, లాలాజల గ్రంథిలో రాయి, ఇవి కాక మన దగ్గర ఇంకోటి, ఎప్పుడో టీబీ గడ్డలు వచ్చి మానిపోయిన లింఫ్ గ్రంథులు. అందుకే ఆవిడ "ఉండొచ్చు" అన్నారు. ఓపీజీ చూసి "మీకు బ్లాక్ ఉంది" అని ఎవరన్నా అంటే మాత్రం నమ్మకండి, ఎందుకంటే నాళం ఎంత మూసుకుందో ఆ ఫిల్మ్‌కి తెలియదు.

నల్గొండ_యాదగిరి
డాక్టర్ సాబ్, మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లం. మా అమ్మకు ఎముకలు గట్టిపడ్డయని ఎక్స్‌రేల చెప్పిన్రు. మా అసొంటోళ్లకు ఇట్ల తెల్లగ కనపడితే అది ఫ్లోరోసిసా, రక్తనాళమా?

పంటిడాక్టర్_కాకినాడ
మంచి ప్రశ్న యాదగిరి గారూ. ఫ్లోరోసిస్‌లో లిగమెంట్లు గట్టిపడటం ఉంది, ముఖ్యంగా వెన్నెముక దగ్గర, ముంజేతి ఎముకల మధ్య. ఓపీజీలో చెవి కింద నుంచి హయాయిడ్ వైపు దిగే స్టైలోహయాయిడ్ లిగమెంట్ గట్టిపడటం ఫ్లోరైడ్ లేని ఊళ్లలో కూడా మామూలుగా చూస్తుంటాం. అది పొడుగ్గా, వాలుగా, దవడ వెనక నుంచి కిందికి వస్తుంది. కెరోటిడ్‌లోది ఇంకా కిందగా, తునకలు తునకలుగా ఉంటుంది. అలవాటైన కంటికి చాలావరకు తేడా తెలుస్తుంది, తెలియకపోతే డాప్లర్ తేల్చేస్తుంది. అమ్మగారికి ఎప్పుడైనా ఓపీజీ తీస్తే ఫ్లోరోసిస్ ఉందని ముందే చెప్పండి.

ఫ్రిస్కో_మాధవి
నేను టెక్సాస్‌లో డెంటల్ హైజీనిస్ట్‌ని. ఇక్కడ మా ఆఫీసులో ఇలాంటిది కనపడితే డాక్టర్ చార్ట్‌లో రాసి, పేషెంట్ ప్రైమరీ కేర్ డాక్టరుకి ఒక లెటర్ పంపుతారు, అంతే. పేషెంట్‌తో "స్ట్రోక్" అనే మాట వాడకుండా జాగ్రత్తపడతారు. ఆ మాట వింటే తర్వాత చెప్పేది ఏదీ బుర్రకెక్కదు.

ఇండియాలో మా అమ్మానాన్నలతో వచ్చే సమస్య ఏంటంటే, లెటర్ పంపడానికి ప్రైమరీ కేర్ డాక్టర్ అని ఒకళ్లంటూ ఉండరు. బీపీ మందు ఒకరు రాస్తారు, షుగర్ మందు ఇంకొకరు, మోకాళ్లకి వేరొకరు, మధ్యలో మెడికల్ షాపు అబ్బాయి. ఆ తెల్ల గీత సంగతి ఎవరికి చెప్పాలో డెంటిస్టుకి తెలియదు.

న్యూరో_రెసిడెంట్
స్ట్రోక్ వార్డులో పని చేస్తాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, విసుక్కోకండి.

సుబ్బు గారూ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఓపీజీలో కాల్షియం కనపడినవాళ్లలో ఎక్కువమందికి డాప్లర్ చేస్తే పెద్ద ఇరుకు ఉండదు. కాల్షియం ఉందంటే రక్తనాళాల జబ్బు మొదలైందని అర్థం, రేపో మాపో చెయ్యీ కాలూ పడిపోతుందని కాదు. డాప్లర్ రిపోర్టు వచ్చాక అందులో పీఎస్‌వీ అని ఒక అంకె ఉంటుంది, రక్తం ఎంత వేగంగా పోతోందో చెప్పేది. నాళం ఇరుకైన చోట వేగం పెరుగుతుంది. సెకనుకి 125 సెం.మీ. లోపు ఉంటే మామూలుగా ఇరుకు 50% లోపే అని లెక్క, 230 దాటితే 70% పైన అని అనుమానిస్తాం. అలాగని ఒక్క అంకె చూసి మీరే తీర్పు ఇచ్చుకోకండి, ప్లాక్ (నాళం గోడకి పేరుకున్న కొవ్వు) ఎలా ఉంది, మిగతా వేగాలు ఎలా ఉన్నాయి, అన్నీ చూస్తారు.

ఆపరేషన్ మాట ఎప్పుడు వస్తుందంటే, అప్పటికే చిన్న స్ట్రోక్ వచ్చి, అదే వైపు నాళం 70% పైన మూసుకున్నవాళ్లకి గట్టి లాభం ఉందని 1991లో వచ్చిన నాసెట్ ట్రయల్ తేల్చింది. ఏ లక్షణమూ లేనివాళ్ల సంగతి వేరు. 1995లో వచ్చిన ఏకాస్ ట్రయల్‌లో 60% పైన ఇరుకు ఉండి లక్షణాలు లేనివాళ్లకి ఐదేళ్లలో స్ట్రోక్ రిస్క్ ఆపరేషన్ చేస్తే 5.1%, చేయకపోతే 11% అని వచ్చింది. కానీ అది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఇంతగా వాడకంలో లేని కాలం. ఇప్పుడు మందులతోనే రిస్క్ బాగా తగ్గుతోంది, అందుకే లక్షణాలు లేనివాళ్లని కోతకి పంపేముందు చాలా ఆలోచిస్తారు.

ఇంకో మాట, ఇది మస్తాన్ గారికి నచ్చుతుంది. అమెరికాలో యూఎస్‌పీఎస్‌టీఎఫ్ అనే నిపుణుల బృందం, లక్షణాలు లేని మామూలు జనానికి కెరోటిడ్ స్క్రీనింగ్ చేయొద్దనే చెబుతోంది. 2014లో చెప్పింది, 2021లో మళ్లీ అదే చెప్పింది. అందరికీ చేస్తూ పోతే లేని జబ్బుకి పరీక్షలు, అవసరం లేని ఆపరేషన్లు, వాటివల్లే వచ్చే స్ట్రోకులు, లాభం కన్నా నష్టం ఎక్కువ. కాబట్టి "స్ట్రోక్ రిస్క్ చూసుకోవడానికి ఓపీజీ తీయించుకుంటా" అని ఎవరూ బయలుదేరకండి. వేరే పని మీద తీసిన ఫిల్మ్‌లో కంటపడితే వదిలేయకూడదు, అక్కడివరకే.

మెహిదీపట్నం_మస్తాన్
నచ్చింది డాక్టర్ సాబ్. ఇప్పుడు ఒక్క ప్రశ్న. సుబ్బు వాళ్ల నాన్నకి 64 ఏళ్లు, షుగర్, బీపీ. డాప్లర్‌లో 30% వచ్చినా 40% వచ్చినా మీరిచ్చేది స్టాటిన్, బీపీ మందు, షుగర్ మందు. డాప్లర్ తీయకపోయినా అవే ఇవ్వాలి కదా? మరి ఆ రెండు వేలు దేనికి?

న్యూరో_రెసిడెంట్
నిజం చెప్పాలంటే మీ లాజిక్‌లో తప్పు లేదు. 40 దాటిన షుగర్ పేషెంట్‌కి ఓపీజీతో పని లేకుండానే స్టాటిన్ గురించి ఆలోచించాలి. డాప్లర్ వల్ల వైద్యం మారేది ఇరుకు ఎక్కువ ఉన్న కొద్దిమందికే. ఆ కొద్దిమంది ఎవరో తీయకుండా తెలియదు, చిక్కంతా అక్కడే.

పంటిడాక్టర్_కాకినాడ
లాజిక్ సరే, మనుషుల సంగతి చూడండి. "గుర్తున్న రోజున" బీపీ మాత్ర అని సుబ్బు గారు బ్రాకెట్లో రాశారే, నాకు అసలు కేసు అదీ. పన్ను నొప్పి పుడితే తప్ప ఏ డాక్టరు మొహమూ చూడనివాళ్లు నా కుర్చీలోకి రోజూ వస్తారు. బీపీ చూద్దామంటే "పంటికొచ్చాను కదండీ" అంటారు. అలాంటి మనిషికి తన ఫిల్మ్‌లోనే తన రక్తనాళం గోడ చూపిస్తే, ఫిజీషియన్ దగ్గరికి కదులుతాడు. అందరూ కాదు, కొందరు. నేను ఎక్కువగా చేసేది కూడా డాప్లర్‌కి తోలడం కాదు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోమని రాసి ఫిజీషియన్‌కి పంపడం. డాప్లర్ కావాలో వద్దో ఆయన తేలుస్తారు.

మెహిదీపట్నం_మస్తాన్
ఇది ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పే పద్ధతిలో నడిచే క్లినిక్‌లు ఎన్నున్నాయో కూడా చెప్పండి.

విజయవాడ_రాణి
మా మామయ్యగారికి పోయినేడు స్ట్రోక్ వచ్చింది. పొద్దున బ్రష్ చేసుకుంటుంటే నోట్లో నీళ్లు ఒక పక్కనుంచి కారిపోతున్నాయి, మూతి వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది. మా ఇంట్లోవాళ్లు ఏం చేశారో తెలుసా, ముందు ఆర్ఎంపీని పిలిచారు, తర్వాత ఎవరో పసరు మందు ఇస్తారంటే కారు మాట్లాడుకుని అక్కడికి తీసుకెళ్లారు. హాస్పిటల్‌కి చేరేసరికి సాయంత్రం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైము దాటిపోయిందన్నారు. కుడి చెయ్యి ఇప్పటికీ పని చేయదు. ఎక్స్‌రేలో కనపడుతుందా లేదా అని ఇంత మాట్లాడుకుంటున్నాం, వచ్చిన రోజు ఏం చేయాలో కూడా ఎవరైనా రాయండి.

న్యూరో_రెసిడెంట్
రాణి గారూ, ఇలాంటివి వారం వారం చూస్తాం. మూతి వంకర, చెయ్యి పైకెత్తితే కిందికి జారిపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు పోవడం, వీటిలో ఏది వచ్చినా నేరుగా సీటీ స్కాన్, ఇంజెక్షన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చేసి "స్ట్రోక్ అనుమానం" అని చెప్పండి. ఆ ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు, అదీ చివరిగా బాగున్న క్షణం నుంచి లెక్క. రాత్రి బాగానే పడుకుని పొద్దున ఇలా లేస్తే లెక్క రాత్రి నుంచే మొదలు. పెద్ద నాళం మూసుకుంటే ట్యూబు వేసి గడ్డ లాగే పద్ధతి ఉంది, కొందరికి 24 గంటల వరకు కూడా చేస్తారు, కాబట్టి "ఇంక టైము అయిపోయింది" అని ఇంట్లోనే ఆగిపోకండి. దారిలో నోట్లో నీళ్లు, మాత్రలు ఏమీ వేయొద్దు.

కెరోటిడ్ విషయంలో ఇంకోటి. కొందరికి ముందుగా ఒక కంటికి తెర దించినట్టు చీకటి కమ్మి కాసేపట్లో మళ్లీ మామూలైపోతుంది. లేదా చెయ్యి పట్టు తప్పి పావుగంటలో తిరిగొస్తుంది. "తగ్గిపోయిందిగా" అని వదిలేస్తారు. అది హెచ్చరిక, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఓపీజీలో చుక్క కన్నా ఇది వంద రెట్లు ముఖ్యం.

గోదారి_గంగరాజు
ఇంత గొడవ ఎందుకండీ, ఎకోస్ప్రిన్ 75, అదే ఆస్పిరిన్, రోజూ ఒకటి వేసుకుంటే రక్తం పలచగా ఉంటుంది. మా వీధిలో అందరం అదే వేసుకుంటాం.

న్యూరో_రెసిడెంట్
వద్దండీ గంగరాజు గారూ, వీధంతా ఒకే మాత్ర ఏంటి! గుండెపోటు, స్ట్రోక్ ఇదివరకు వచ్చినవాళ్లకి, స్టెంట్ పడినవాళ్లకి అది ప్రాణం కాపాడే మందు. ఏ జబ్బూ లేని 60 దాటినవాళ్లు సొంతంగా మొదలుపెడితే కడుపులో, మెదడులో రక్తస్రావం రిస్క్. బీపీ అదుపులో లేనివాళ్లకి మరీ ప్రమాదం. అలాగే డాక్టర్ రాసి వాడుతున్నవాళ్లు పన్ను పీకించుకోవాలని వాళ్లంతట వాళ్లే ఆపేయకూడదు.

పంటిడాక్టర్_కాకినాడ
చివరి మాటకి నా ఓటు. ఒక్క ఆస్పిరిన్ మీద ఉన్నవాళ్లకి మామూలుగా మందు ఆపకుండానే పన్ను తీస్తాం, కాసేపు గాజు గుడ్డ గట్టిగా కొరికి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. మాత్ర ఆపి స్ట్రోక్ తెచ్చుకోవడం కన్నా అది నయం కదా.

కోడ్‌బాబు
ఏఐతో చేయొచ్చు కదా సార్? ఓపీజీలన్నీ డిజిటలే ఇప్పుడు. మోడల్ పెట్టి ప్రతి ఇమేజ్ స్కాన్ చేస్తే డాక్టర్ మర్చిపోయినా అది మార్క్ చేస్తుంది.

పంటిడాక్టర్_కాకినాడ
చాలా దేశాల్లో ఆ పరిశోధన నడుస్తోంది, చుక్కని గుర్తుపట్టడంలో మోడళ్లు బాగానే చేస్తున్నాయి. నా అనుమానాలు రెండు. మోడల్‌కి "ఇది కెరోటిడ్" అని నేర్పింది ఎవరు? ఇంకో డెంటిస్ట్ ఫిల్మ్ చూసి గుర్తు పెడితే, ఆయన పొరపాటు కూడా మోడల్ నేర్చుకుంటుంది. డాప్లర్‌తోనో సీటీతోనో సరిచూసిన డేటా కావాలి. రెండోది, మార్క్ పెట్టాక ఆ పేషెంట్ ఎటు వెళ్లాలి? మాధవి గారు చెప్పిన సమస్యే మళ్లీ.

ఎక్స్‌రే_రాజు
నేను డయాగ్నస్టిక్ సెంటర్లో ఓపీజీ తీస్తాను. డాక్టర్లు చెప్పని సంగతి ఒకటి చెప్తా. పేషెంట్ గడ్డం ఎలా పెట్టాడన్నదాన్ని బట్టి మెడ భాగం ఫిల్మ్‌లో పడటం, పడకపోవడం ఉంటుంది. పైగా మేము వాట్సాప్‌లో పంపేటప్పుడు పళ్లు పెద్దగా కనపడాలని చుట్టూ కత్తిరించేస్తాం, కింది మూలలే ముందు ఎగిరిపోతాయి. మీరు ఇంతసేపు మాట్లాడే చోటు అదే. ఇక ఆడవాళ్లు నల్లపూసలు, గొలుసు తీయనంటారు, అది మెడ దగ్గర తెల్లగా పడుతుంది. దిద్దులు తీయకపోతే వాటి నీడ అవతలి వైపు పైన పడుతుంది. కొంతమంది నెట్‌లో చదివొచ్చి థైరాయిడ్ కాలర్ కట్టమంటారు, ఓపీజీలో అది కడితే మెడ భాగం మొత్తం అడ్డుపడుతుంది, అందుకే కట్టం.

నల్గొండ_యాదగిరి
మరి రేడియేషన్ సంగతి అన్నా?

ఎక్స్‌రే_రాజు
ఓపీజీకి సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్ట్‌లు. మనిషికి ఊరికే బతికితేనే మట్టి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2400 వస్తుంది. అంటే కొన్ని రోజుల వాటా అన్నమాట. భయం లేదు, అలాగని ఊరికే తీయించుకునేదీ కాదు.

తెనాలి_సుబ్బు
అందరికీ థాంక్స్. మొత్తానికి ఫిజీషియన్‌కి చూపించాం, ఆయనే డాప్లర్ రాశారు. ఎడమవైపు ప్లాక్ ఉంది, ఇరుకు 50% లోపే, పీఎస్‌వీ 90 దగ్గర ఉంది. కుడివైపు గోడ కాస్త మందం అంతే. మెడ గురించి ఆయన పెద్దగా కంగారు పడలేదు గానీ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 9 దాటిందని చూసి బాగా కోప్పడ్డారు. స్టాటిన్ మొదలుపెట్టారు, చుట్ట మానమన్నారు. షుగర్ దిగేదాకా ఇంప్లాంట్లు కూడా వద్దని డెంటల్ డాక్టరమ్మ అన్నారు, పుండు మానదట.

న్యూరో_రెసిడెంట్
మంచి రిపోర్టే. చుట్ట సంగతి మొదటి పోస్టులో దాచారు మీరు! ఒక్క విషయం, రేపు ఎవరికైనా ఓపీజీ క్లీన్‌గా వస్తే "నాకు స్ట్రోక్ రాదు" అనుకోకండి. మెత్తటి కొవ్వు అందులో కనపడదని డాక్టర్ గారు ముందే చెప్పారు. పైగా మన భారతీయుల్లో పుర్రె లోపలి నాళాలు ఇరుకవడం తెల్లవాళ్లలో కన్నా ఎక్కువ, ఓపీజీ అక్కడిదాకా చూడదు. గుండె లయ తప్పి గడ్డ ఎగరడం, బీపీతో నాళం చిట్లడం, వీటికీ ఆ ఫిల్మ్‌కీ సంబంధమే లేదు.

ఫ్రిస్కో_మాధవి
చిగుళ్ల జబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదే. స్వీడన్‌లో పారోక్రాంక్ అని ఒక స్టడీ 2016లో వచ్చింది, మొదటి గుండెపోటు వచ్చిన 805 మందినీ, రాని 805 మందినీ పోల్చారు. చిగుళ్ల జబ్బు మొదటివాళ్లలో 43%, రెండోవాళ్లలో 33%. అలాగని చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు, స్ట్రోక్ ఆగుతాయని మాత్రం తేలలేదు. మా ఆఫీసుకి వచ్చేవాళ్లలో క్లీనింగ్ చేయించుకుంటే చాలనుకునేవాళ్లు ఉన్నారు, అందుకే చెబుతున్నా.

విజయవాడ_రాణి
డాక్టర్ గారూ, మా ఆయనకి నాలుక క్యాన్సర్‌కి మెడకి రేడియేషన్ ఇచ్చారు, ఆరేడేళ్లయింది. అప్పటి ఓపీజీలు ఇంట్లో కవర్లో ఉన్నాయి. ఇప్పుడు చూపిస్తే ఉపయోగమా?

పంటిడాక్టర్_కాకినాడ
మెడకి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో కెరోటిడ్ జబ్బు ఏళ్ల తర్వాత బయటపడటం బాగా తెలిసిన విషయమే. ఆయన విషయంలో పాత ఓపీజీ చూసి ఊరుకోవడం కాదు, రెగ్యులర్ చెకప్‌లో ఆంకాలజీ డాక్టరునే నేరుగా అడగండి, మెడ నాళాలకి డాప్లర్ అవసరమా అని. కవర్ మాత్రం వెంట తీసుకెళ్లండి, కొత్తదాని పక్కన పెట్టి చూస్తే మార్పు తెలుస్తుంది. ఫోన్లో పంపాల్సి వస్తే కిటికీ వెలుగుకి పట్టి నాలుగు మూలలూ వచ్చేలా ఫోటో తీయండి, పైన పేరు, ఫోన్ నంబరు ఉంటే వేలు అడ్డం పెట్టండి. డిజిటల్‌ది అయితే సెంటర్‌లో పూర్తి ఫైల్ అడగండి, రాజు గారు కత్తిరించనిది.

ఎక్స్‌రే_రాజు
అడిగితే ఇస్తామండీ, ఎవరూ అడగరు.